నీళ్ళ కూలరుకు చుట్టిన ఎర్ర నూలు

అమ్మలూ,

నా బంగారు తల్లీ, ఎలా ఉన్నావమ్మా? మీ నాన్న ఎలా ఉన్నారు? నడుం నొప్పి తగ్గిందా, ఇంకా మగ్గం గుంటలోంచి లేచేటప్పుడు గోడ పట్టుకుంటున్నారా? మీ నాన్నమ్మగారికి కంట్లో చుక్కలు వేళకి వేస్తున్నావా? ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నా గురించి దిగులు పెట్టుకోకండి. నిజంగానే బాగున్నాను.

ఈ ఉత్తరం పెట్టెలో అన్నిటికంటే పైన పెడుతున్నాను. అప్పనపల్లి మంగాయమ్మగారు సెలవు మీద ఊరొస్తున్నారు, ఆవిడ చేతికే ఇస్తున్నాను. ఆవిడ బండారులంక వచ్చి మనింట్లో పెట్టె దింపాక ముందు ఇది చదువు. చదవకుండా పెట్టెకి కట్టిన తాడు కూడా ముట్టుకోవద్దు. ఫోనులో చెబుదామంటే నీ గొంతు వినగానే నాకు మాట రాదు. ఈలోగా కార్డు అయిపోతుంది. అందుకే నాలుగో తరగతి చదువుతో కూచుని రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకో, కానీ చెప్పినవి మాత్రం చెయ్యి.

ఇక్కడ ఈ ఎడారి దేశంలో ఎండలు ముదిరాయి. వారం రోజులుగా దుమ్ము గాలి. కిటికీలు మూసినా పళ్ళ కింద ఇసక తగులుతుంది. పని మామూలే, ఇల్లు తుడవడం, బట్టలు, వంట. మేడమ్మ మంచిదే, కసరదు. మధ్యాహ్నం వాళ్ళు పడుకుంటే ఇల్లంతా నిశ్శబ్దం అయిపోతుంది. మగ్గం చప్పుడు లేని ఇంట్లో ఇన్నాళ్ళున్నా నాకు అలవాటు కాలేదు. ఆ నిశ్శబ్దంలోనే మీ అన్నయ్య శీను గుర్తొస్తాడు. వాళ్ళ అన్నంలో వేసే మసాలా వాసన ఇప్పుడిప్పుడే సహిస్తోంది. మీ నాన్న పంపిన మాగాయ సీసా అడుగుకొచ్చింది. దాన్ని చూసుకుని తింటున్నాను.

ఇక అసలు సంగతి.

ఆవేళ నువ్వు ఫోను చేసినప్పుడు నేను గిన్నెలు కడుగుతున్నాను. "అమ్మా, కంప్యూటరు వేడెక్కి ఆగిపోతోంది. మగ్గాల నూలు ధూళంతా ఫ్యానులో చేరిపోతోంది. అమలాపురంలో రిపేరు చేసే ఆయన జాలీ ఉన్న క్యాబినెట్టూ, నీళ్ళతో చల్లబరిచే కూలరూ పెట్టుకోమన్నారు. ఇక్కడ దొరకట్లేదు, అక్కడ చూస్తావా?" అన్నావు. నీళ్ళు అన్న మాట దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది. ఆ తర్వాత నువ్వేం చెప్పావో నాకు వినపడలేదు. కుళాయి అలా పోతూనే ఉంది.

కరెంటు పెట్టెలో నీళ్ళా, తల్లీ?

మీ అన్నయ్య ఎలా పోయాడో నీకు నేను చెప్పాలా? వాన వెలిసింది, పెరట్లో నీళ్ళు నిలిచాయి, మోటారు ఆపొస్తానని వెళ్ళాడు. నాన్నమ్మ కంచంలో అన్నం పెట్టి పిలిస్తే, "మూత పెట్టు నాన్నమ్మా, వచ్చి తింటా" అన్నాడట. అంతే. టిక్కెట్టు దొరికి నేను వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. దండెం మీద వాడి చొక్కా ఉంది. ఆ కంచం ఎవరు కడిగారో నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. ఏడాది దాటింది. ఇక్కడ స్విచ్చి వెయ్యాలంటే ముందు చెయ్యి చీరకి మూడుసార్లు తుడుచుకుంటాను. మేడమ్మ చూసి నవ్వుతుంది.

అందుకే నీకు వద్దని చెప్పేద్దామనుకున్నాను. దొరకలేదని అబద్ధం చెప్పినా పాపం లేదనుకున్నాను. కానీ మళ్ళీ ఫోనులో నువ్వు మెల్లిగా అన్నావు చూడు, "అన్నయ్య సగం గీసిన కొబ్బరాకు అంచు డిజైను అందులోనే ఉందమ్మా, అది తెరిస్తే చాలు ఆగిపోతోంది" అని. వాడి చేత్తో గీసింది ఇంకేం మిగిలింది మనకి? అది చీర మీదకి ఎక్కితే నేను చూడాలి. నువ్వు క్షేమంగా ఉండగా చూడాలి. ఈ రెండింటి మధ్య నలిగిపోయాను.

మేడమ్మ పెద్ద కొడుకు కొత్త కంప్యూటరు కొనుక్కుని పాత క్యాబినెట్టు పారేస్తుంటే అడిగి తీసుకున్నాను. లోపల ఏమీ లేదు, ఖాళీ ఇనప డబ్బా. ముందు వైపు మంచి జాలీ ఉంది. "కూలరు పైకప్పు రేకుకి లోపల బిగించాలి, అక్కడ పట్టేదే కొనుక్కో" అని సైగలతో చూపించాడు. సరే, మనకి తెలిసిన పనే కదా అని నూలు తీసి ఆ రేకు దగ్గర పట్టి పొడవుకొక ముడి, వెడల్పుకొక ముడి వేసుకున్నాను. ముడి తప్పితే మీ నాన్న పడుగు తీయనిచ్చేవారు కాదు నన్ను, అంత జాగ్రత్తగా వేశాను.

శుక్రవారం సెలవు. భయపడుతూనే బజారుకి వెళ్ళాను. కంప్యూటర్ల వీధిలో అందరూ ఏవేవో భాషలు. ఒక షాపులో నేను బిక్కమొహం వేసుకుని నిలబడితే, "ఏం కావాలండీ?" అని తెలుగు వినపడింది. ప్రాణం లేచొచ్చింది.

"మీదేవూరు బాబూ?" అన్నాను.

"రాజోలు పక్కనండీ. నా పేరు సత్తిబాబండి. మీరు?"

"బండారులంక."

"ఆయ్! మా అక్క పెళ్ళిచీర మీ ఊరిదేనండి. కూర్చోండి, కూర్చోండి. క్యాబినెట్టు మోడలు నంబరు చెప్పండి."

నేను కొంగు ముడి విప్పి నూలు పోగు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేంటండీ, తాయెత్తా?"

"కొలత బాబూ."

పాపం, నవ్వు ఆపుకుని, ఆ ముడులకి సరిపోయే కూలరు తీసిచ్చాడు. చూడ్డానికి ఏముందనుకున్నావు? సబ్బుపెట్టెలో సగముండే మూత ఒకటి, దాన్నుంచి రెండు నల్లటి గొట్టాలు, వాటి చివర కారు ముందు ఉండేలాంటి రేడియేటరు చిన్నది, దానికొక ఫ్యాను. ఆ మూత కంప్యూటరు గుండె మీద కూచుంటుందట. లోపల నీళ్ళు వేడిని మోసుకెళ్ళి రేడియేటరులో చల్లారి వస్తాయట. నూలు ముడులు రెండూ దానికి అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. తెచ్చుకుని నా మంచం కింద పెట్టుకున్నాను.

పెట్టుకున్నానే గానీ, వారం రోజులు ఆ అట్టపెట్టె మీద చెయ్యి వేయలేకపోయాను. అందులో నీళ్ళున్నాయి. దాన్ని నీకు పంపుతున్నాను. నా కళ్ళ ముందు నడిస్తే తప్ప పంపకూడదు అనుకున్నాను. మళ్ళీ శుక్రవారం డబ్బా, కూలరు రెండూ మేడమ్మ వాళ్ళ కారులో పెట్టి, డ్రైవరుని బతిమాలి, సత్తిబాబు షాపు ముందు దిగాను.

"నడిపి చూపించు బాబూ," అన్నాను.

"అమ్మగారూ, ఇది కారదండీ. కంపెనీలోనే సీలు వేసి పంపుతారు."

"మోటారు అమ్మినాయన కూడా ఏమీ కాదనే అన్నాడు."

అతని నవ్వు ఆగిపోయింది. "ఎవరికేమైందండీ?" అన్నాడు. శీను సంగతీ, వాడి డిజైను సంగతీ చెప్పాను. వెళ్ళి స్టూలు తెచ్చి నాకేసి, స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. తన దగ్గరున్న పాత బోర్డు ఒకటి డబ్బాలో బిగించాడు. మామూలు కంప్యూటర్లలో ఉండేంత పెద్దదేనట. తర్వాత రేడియేటరు పైన పెట్టి రెండు స్క్రూలు తిప్పాడు. మూడోది ఎక్కలేదు. వంగి లోపలికి చూశాడు.

"ఆగండాగండి. మీరు కొలిచేరు కదండీ?"

"పొడవు కొలిచేను, వెడల్పు కొలిచేను."

"మందమో?"

నేను తెల్లబోయాను. "చీరకి మందం ఎవరు కొలుస్తారు బాబూ?"

షాపంతా మావైపు తిరిగేలా నవ్వాడమ్మా. నవ్వి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అది కాదండీ, రేడియేటరు ఇంత మందం, దాని కింద ఫ్యాను ఇంకో ఇంత. రెండూ కలిసి బెత్తెడు కిందకి దిగుతున్నాయండి. ఫ్యాను అంచు బోర్డు మీద కూర్చుంటోంది, చూడండి."

చూశాను. నిజమే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నేను కొలిచింది పొడవూ వెడల్పే. ఇన్నేళ్ళ నేతలో మూడో కొలత ఒకటుందని నాకు తట్టనే లేదు.

"ఇలాగే పంపేస్తే ఏమయ్యేది?" అన్నాను.

"ఊళ్ళో రిపేరు వాళ్ళు ఊరుకోరండి. నొక్కి బిగించేస్తారు. గొట్టం మెలిక పడిపోద్దండి."

"మెలిక పడితే?"

చేతిలో స్క్రూ పక్కన పెట్టాడు. గట్టిగా అడిగితే అప్పుడు, "ఎప్పుడో చిట్లుతాదండి. కింద బోర్డే కదండీ ఉన్నది," అన్నాడు.

దాని ముందు కూచుని ఎలుకలాంటి ఆ మౌసు పట్టుకుని నువ్వు గీసుకుంటున్నట్టు కళ్ళకి కట్టింది. నేనే కొలిచి, నేనే కొని, నేనే పంపిన నీళ్ళు! "వద్దు బాబూ, వెనక్కి తీసేసుకో, మా అమ్మాయికి దొరకలేదని చెప్పేస్తాను," అన్నాను.

"ఆయ్, తీసుకుంటానండి. అలాగే తీసుకుంటాను. కానీ మీవాడి డిజైను సంగతేంటండీ?"

ఏడ్చాను. అతను మంచినీళ్ళిచ్చి, అరల మీంచి ఎత్తుగా ఉన్న ఇంకో క్యాబినెట్టు దింపాడు. పక్కన ఒక గీత పడిందని ఎవరూ కొనలేదట. మేడమ్మ కొడుకు డబ్బా తను ఉంచుకుని దానికి బదులు ఇది ఇస్తానన్నాడు. "కొలవండి, ఈసారి మీరే," అన్నాడు. పొడవుకొకటి, వెడల్పుకొకటి, మందానికొకటి, మూడు ముడులు వేశాను. రెండుసార్లు విప్పి మళ్ళీ వేశాను. ఫ్యానుకీ బోర్డుకీ మధ్య నా బొటనవేలు పట్టేంత జాగా మిగిలింది. గొట్టాలు వంకర లేకుండా వంగాయి. అన్ని స్క్రూలూ ఎక్కాయి.

అయినా నా భయం దిగలేదు. అప్పుడు గుర్తొచ్చింది, మాగాయ సీసా మూతికి మీ నాన్న కట్టిన ఎర్ర నూలు. రంగు నిలవని నూలు కదా, చీరకి పనికిరాదని పక్కన పడేసినదే. ఒక్క చుక్క తగిలితే చాలు, రంగు దిగుతుంది. ఆ నూలు నా సంచీలోనే ఉంది. గొట్టాలు కలిసే ప్రతి చోటా చుట్టాను, కింద తెల్ల కాగితం పరిచాను. "నీళ్ళు వస్తే ఇది చెబుతుంది," అన్నాను. సత్తిబాబు, "మా ఇంజనీర్లకి కూడా తట్టలేదండీ ఇది," అన్నాడు.

సాయంత్రం నమాజు పిలుపు దాకా నడిపించాడు. నేను ఎదురుగా కూచున్నాను. అది గుర్రుమన్నప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. ఒకసారి చూద్దును కదా, కాగితం మీద ఎర్రటి మరక! కేక పెట్టాను. సత్తిబాబు పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకేశాడు. వెతికాం, వెతికాం. ఎక్కడా తడి లేదు. చివరికి నా వేళ్ళు చూశాడు. ఎర్రగా ఉన్నాయి. పొడిగా ఉందా అని నేనే మాటిమాటికీ నూలు తడిమి చూస్తున్నాను, నా అరచేతులు చెమటతో తడిసి ఉన్నాయి.

"కారింది కూలరు కాదండీ, మీరండి," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. మిగిలిన ఎర్ర నూలు చుట్టి మళ్ళీ నడిపించాం. ఇక మరక పడలేదు.

అందుకే పంపుతున్నాను తల్లీ. భయం పోయి కాదు. కూలరు డబ్బాలోనే బిగించి ఉంది, ఊడదీయనివ్వకు. గొట్టాలు కదలకుండా నా పాత నేతచీర చుట్టాను. ఎర్ర నూలు అలాగే ఉంచాను, రోజూ పొద్దున చూడు. రంగు దిగితే ముందు గోడ దగ్గర ప్లగ్గు తీసెయ్యి, తర్వాతే ఇంకేదైనా. మూడు ముడుల పోగు కూడా ఇందులోనే ఉంది, అమలాపురం ఆయనకి చూపించి అతని చేతే నీ కంప్యూటరు బోర్డు పెట్టించు. ఎర్తు తీగ వేయించే దాకా ప్లగ్గు పెట్టొద్దు. మీ నాన్నకి చెప్పు, నేను కాళ్ళు పట్టుకుని అడిగానని చెప్పు. కంప్యూటరు కింద పెట్టకు, వానాకాలం మగ్గం గుంటలోకి నీళ్ళొస్తాయి, ఎత్తు బల్ల మీద పెట్టు. కాళ్ళకి చెప్పులు వేసుకునే కూచో. తల స్నానం చేసిన రోజు జుట్టు ఆరే దాకా దాని దగ్గరికి పోకు. నవ్వుతున్నావా? నవ్వు. కానీ చెయ్యి.

కొబ్బరాకు అంచు పూర్తయ్యాక వాడు గీసిన సగం ఎక్కడ ఆగిందో నాకు చెప్పు. నువ్వు గీసింది ఎక్కడ మొదలైందో కూడా చెప్పు. వేరే ఏమీ వద్దు నాకు.

నాన్నమ్మగారి పాదాలకి నా దండాలు చెప్పు, నా కోసం దేవుడికి ఒక్క మాట చెప్పమను. మీ నాన్నని నడుముకి వేడి నీళ్ళ కాపడం పెట్టుకోమను. మంగాయమ్మగారికి కాఫీ ఇచ్చి పంపు, అంత బరువు మోసుకొచ్చారు. నీకు నా ఆశీస్సులు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, నిజంగానే.

ఎక్కడున్నా నీ వైపే కళ్ళు పెట్టుకుని ఉండే,
మీ అమ్మ

ఒక్క మాట మర్చిపోయాను. పెట్టె తాడు ఇప్పుడే విప్పకు. దాన్ని అలా గోడవారగా ఉండనీ, ఎక్కడికీ పోదు. నాన్నమ్మ అన్నం పెడితే మూత పెట్టమనకు. ముందు కూచుని కడుపునిండా తిను, తల్లీ.