కంచె దగ్గర కుకీల బల్ల

క్లోవర్‌టన్, జార్జియా
మే నెల చివరివారం

గౌరవనీయులైన హోలిస్ టార్వర్ గారికి,

పండగ సంఘం కార్యదర్శి రెనెటా ఓగిల్స్‌బీ నమస్కరించి రాస్తున్నది. పీనట్ బటర్ కుకీల పండగ ఈ జూన్‌లో కూడా చర్చి పచ్చికలోనే. మీ పొలం పల్లీలు, మీ ఆవిడ నడీన్ గారి చేతి కుకీలు లేకుండా మన ఊళ్ళో ఆ పండగ ఎప్పుడూ జరగలేదు. ఈసారి మాత్రం చిన్న మార్పు. మీ బల్ల మధ్యలో కాకుండా చివర, కంచె దగ్గర వేస్తున్నాం. ముందు బల్లల మీద ఓట్స్ కుకీలు పెడతాం. వచ్చే అతిథుల్లో ఒక చిన్నపాపకి పల్లీలు పడవు. పొరపాటున నోట్లోకి వెళ్తే గొంతు వాచిపోయి ఊపిరాడదట.

మీరు ఏ పనీ పెట్టుకోకుండా, కోటు వేసుకుని, చేతులూపుకుంటూ రండి.

ఇట్లు,
రెనెటా

తా.క.: కోటు మరిచిపోవద్దు.


అమ్మాయ్ రెనెటా,

నీ ఉత్తరం చదివి అన్నం మానేశాను. పీనట్ బటర్ కుకీల పండగలో పీనట్ బటర్‌ని కంచెకి తోలేస్తారా? రేపు క్రిస్మస్‌కి ఏసుప్రభువుని గుమ్మం బయట నిలబెట్టండి, సరిపోతుంది.

కంచె అవతల ఏముందో మరిచిపోయావా? శ్మశానం. పనేమీ లేకుండా, కోటు వేసుకుని, శ్మశానం పక్కకి రమ్మంటావు. మీ ఉద్దేశం నాకర్థమైంది. పూలు కూడా కొన్నారా?

పల్లీలు పడకపోవడమేమిటి! మా అమ్మ నాకు పాలు మాన్పించి పల్లీలే పెట్టింది. ఇదంతా పట్నం గారాబం. ఎవరి పిల్లో పేరు చెప్పు. వాళ్ళ నాన్నకి నేను బుద్ధి చెప్తాను.

ఇంకా బతికే ఉన్న,
హోలిస్ టార్వర్

తా.క.: కోటు పెళ్ళినాటిది. అందులో ఇప్పుడు నా చెయ్యి ఒకటే పడుతుంది.


హోలిస్ గారికి,

అయ్యో, ఎంత మాట! మీ మీద గౌరవం తగ్గి కాదండీ, అసలు సంగతి దానికి పూర్తిగా తలకిందులు. అంతకన్నా ఇప్పుడు చెప్పలేను. పాప పేరు కూడా అడగొద్దు. తల్లికి మాటిచ్చాను. ఆవిడ చాలా భయపడుతూ ఒప్పుకుంది. ఈ ఒక్క ఏడాదికీ కంచె దగ్గర సర్దుకోండి.

విధేయురాలు,
రెనెటా

తా.క.: కోటుకి బొత్తాలు పెట్టుకోకపోయినా పర్వాలేదు.


రెనెటా ఓగిల్స్‌బీ గారికి,

గారు అన్నాను, గమనించు. ఇక మన మధ్య చనువు లేదు.

తల్లికి భయమా? అంత భయమైతే ఆ పిల్లని గాజుసీసాలో పెట్టి మూత బిగించి అటక మీద దాచుకోమను. ఒక్క చీమిడి ముక్కు కోసం ఊరి పండగ పాడుచేస్తారా? ఈ మాటే కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, చర్చి బోర్డుకి నేనే అంటించాను. చదివినవాళ్ళందరూ నా భుజం తట్టారు.

హోలిస్ ఇ. టార్వర్, రైతు

తా.క.: నువ్వు చింపితే మళ్ళీ అంటిస్తాను. జిగురు బోలెడుంది.


టార్వర్ గారికి,

మీరే గెలిచారు. సంఘంలో సగంమంది మీ కాగితం చూసి మీవైపు తిరిగారు. బల్ల మధ్యలోకి వచ్చింది. పాపని తీసుకురావద్దని తల్లికి కబురు చేద్దామనుకునే లోపే వాళ్ళు బయల్దేరిపోయారట. పండగనాడు మీరు అటు తిరిగి కుకీలు పంచుతుంటే కారొచ్చి ఆగింది. తల్లీ పాపా దిగి బోర్డు దగ్గర నిలబడ్డారు. నేను పరుగెత్తుకెళ్ళేసరికి కారు వెనక్కి తిరిగింది.

కోటు ఎందుకంటే, ఇన్నేళ్ళుగా పండగకి పల్లీలు పండించినందుకు మీకు సన్మానం. వెండిపళ్ళెం మా ఇంట్లో ఉంది. పంపిస్తాను.

రెనెటా

తా.క.: పేరు ఇప్పటికీ చెప్పను. మాట మాటే.


అమ్మా రెనెటా,

పేరు నువ్వు చెప్పక్కర్లేదు. జూనీ. మా అమ్మాయి లోరీన్ కూతురు.

ఆ సాయంత్రం లోరీన్ ఫోన్ చేసింది. "నాన్నా, నీ సన్మానానికని దాన్ని తీసుకొచ్చాను. బోర్డంతా చదివేసి, 'అమ్మా, కింద తాతయ్య పేరుందేంటి?' అనడిగింది. ఏం చెప్పమంటావు?" అంది.

"దానికి పల్లీలు పడవని నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే ఏమంటావో ఇప్పుడు చదివాంగా" అంది.

మర్నాడు మేకన్‌లో వాళ్ళింటికెళ్ళాను. ఒళ్ళు తోముకున్నాను, కొత్త చొక్కా తొడుక్కున్నాను. లోరీన్ గుమ్మంలోంచే నా ట్రక్కు వైపు చూసింది. సీట్ల నిండా పల్లీ పొట్టు. "అందులో కూర్చునేగా వచ్చావు. మెట్ల మీదే ఉండు నాన్నా" అంది. కోపంగా అన్నా బాగుండేది. పాలవాడికి చెప్పినట్టు చెప్పింది.

జూనీ కిటికీ అద్దం వెనక నిలబడింది. "కుకీలన్నీ అయిపోయాయా తాతయ్యా?" అని అరిచింది. అయిపోయాయన్నాను. "అయితే ఇప్పుడు తాతయ్య ఊరు వెళ్ళొచ్చా అమ్మా?" అనడిగింది. లోరీన్ తెర లాగేసింది.

పళ్ళెం ఎవరికైనా ఇచ్చెయ్యి.

హోలిస్

తా.క.: నడీన్‌కి ముందునుంచీ తెలుసట. కూతురు ఒట్టేయించుకుందని నోరు విప్పలేదు. నేను ఆ కాగితం రాస్తుంటే మాత్రం, "అది గోడకెక్కించొద్దండీ, బాగోదు" అంది. నా అక్షరాలు బాగోలేవంటోందనుకున్నాను. చింపేసి, చిన్నపిల్లలు కూడా కూడబలుక్కోకుండా చదివేటంత పెద్ద అక్షరాలతో మళ్ళీ రాశాను.