మస్తాన్ తెలుగులో చెప్పని డాక్టరు మాట

మస్తానూ,

పుంగనూరులో మీ ఇంటి టీవీలో నిన్న ఆ హిందీ నవ్వుల సీరియల్, డాక్టరు వచ్చే భాగం మళ్లీ వేశారు. నువ్వు పోయి ఏడాదైనా అందరం అక్కడికే చేరాం. అప్పట్లో డాక్టరు మాటను హిందీ రాని మాకు నువ్వే తెలుగులో చెప్పావు: "పెండ్లాం చేసే సంగటే నీ జబ్బు అంటాండాడు." మేం కడుపు పట్టుకుని నవ్వాం. నువ్వు ఎడమచెయ్యి పట్టుకుని నవ్వావు. వారం తిరక్కుండానే కుట్టుమిషన్ మీద వాలిపోయావు.

ఈసారి మీ ఆవిడ ఫాతిమా ఉన్నదున్నట్టు చెప్పింది. "ఎడమచెయ్యి లాగితే ఇంట్లో కూర్సోవద్దు, పెద్దాసుపత్రికి పో అంటాండాడు."

"మస్తాన్ చెప్పిందే బాగుండె," అన్నాడు మన రెడ్డెప్ప.

"అవునప్పా, దీంట్లో తమాషా యాడుండాది?" అన్నాను నేనూ.

ఫాతిమా టీవీ ఆపేసి నావైపు చూసింది. "అన్నా, యాల ఎడమసెయ్యి రుద్దుకుంటాండావు?"

"మీ వదిన సంగటమ్మా," అన్నాను.

నీ జోకే మస్తానూ. ఎవరూ నవ్వలేదు.