తీగా, ప్లేటా

పెద్దదాని అమ్మకు,

దీవించి రాస్తున్నాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగున్నావని తలుస్తాను అని ఎప్పటిలా రాయబోయి ఆగాను. దవడ విరిగిన మనిషికి ఆ మాట ఎలా రాయను?

నీ ఉత్తరం అందింది. పెద్దకూతుర్ని చూసొస్తానని వెళ్ళి స్నానాల గదిలో జారిపడ్డా, నోరు కదపలేకపోయినా, కాగితం మీద నీ తిట్లేమీ తగ్గలేదు. పెరటి తలుపు గడియ వేస్తున్నాను. పంపు కారడం ఆగింది. వంట చేసుకుంటున్నాను. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలియడం లేదు, తినేస్తున్నాను.

ఎదురింటావిడ నిన్న, "ఇన్నాళ్ళకి మీ చెవులకి సెలవు దొరికిందండీ" అంది. నవ్వాను.

పనికి వెళ్తున్నాను. మొన్న ఒకరింట్లో చెక్క బీరువాకి తలుపు బిగించాను. తలుపు తిరిగే బందు వెంట్రుకవాసి పక్కకు పోయింది. స్క్రూలు గట్టిగానే పట్టాయి, తలుపు మాత్రం మూసుకోదు. విప్పి మళ్ళీ బిగించి వచ్చాను.

నువ్వడిగిన సంగతికి వస్తాను. డాక్టరు చెప్పినదంతా పెద్దది ఫోన్‌లో చెప్పింది. చెవి ముందు కీలు ఉంటుందే, దాని కిందే ఎముక విరిగిందట. పై పళ్ళూ కింది పళ్ళూ కలిపి తీగ కడితే కోత ఉండదు. కానీ వారాల తరబడి నోరు తెరవకూడదు. కదలక కదలక కీలు బిగుసుకుపోవచ్చు, తర్వాత రోజూ నోరు తెరిచి సాధన చేయాలి. కోసి ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తే తొందరగా మాట్లాడొచ్చు. అయితే ఎముక కాస్త మెలితిరిగి బిగిసినా ఆ భారమంతా కీలు మీద పడుతుందట. కోతలో నరం నలిగితే ముఖం ఒక పక్క కదలదట. చెక్కయితే విప్పి బిగిస్తాం. ఎముక సంగతి వేరు. ఇంట్లో ఆలోచించుకుని చెప్పమన్నాడు.

"మీరేమంటే అదే" అని రాశావు. నలభై ఏళ్ళలో ఆ మాట నీ నోట వినలేదు, ఇప్పుడూ నోట రాలేదులే. ప్లేటే పెట్టించమని పెద్దదానికి వెంటనే చెప్పేశాను. కీలుకి అదే మంచిదని కూడా అన్నాను.

అది నిజం కాదు. కీలు సంగతి నేను ఆలోచించనే లేదు. నువ్వు పడ్డావని తెలిసినప్పటినుంచి నాకేమీ తెలియడం లేదు. ఆకలీ లేదు, ఏడుపూ లేదు. ఇంకా అన్ని వారాలు నీ గొంతు వినపడదంటే చెయ్యాడలేదు. అందుకని అన్నాను. దవడ నీది, తొందర నాది.

కాబట్టి నా మాట పక్కన పెట్టు. కీలుకి ఏది మంచిదని డాక్టరునే అడుగు, కాగితం మీద రాసి అడుగు. ఆయన తీగంటే తీగే. శనివారం బయలుదేరి వస్తాను. నీ మంచం పక్కనే ఉంటాను. మాట్లాడకుండా కూర్చోవడం ఒక్కటే నాకు బాగా వచ్చిన విద్య. నీకు నేర్పుతాను.

ఇట్లు,
పెద్దదాని నాన్న