సాయంత్రం మగ్గం చప్పుడు

కడప వార్డెన్ మేడం గారికి,

గవర్నమెంటు కట్టించి మీ సంస్థకు అప్పజెప్పిన ఇంట్లో నా బిడ్డ శివలీలకు చోటిచ్చారు. వయసొచ్చినా దానిది పసిమనసే. సాయంత్రం మీరు ఫోన్ చేసినప్పుడు మా మగ్గం చప్పుడు వింటేనే, అమ్మ ఉందని అన్నం తింటుంది. వాళ్ల నాయన పోయినప్పుడు ఇంట్లో మగ్గం ఆగింది. అప్పటినుంచి చప్పుడు ఆగితే మనిషి లేనట్టే దానికి.

ఈమధ్య నేను మగ్గం గుంతలోకి దిగలేకపోతున్నాను. డాక్టరు చెప్పింది ఇక్కడ రాయను. మీరు ఫోన్ చేసే వేళకు పక్కింటి శిరీన్ వచ్చి నేస్తోంది. బిడ్డ కనిపెట్టలేదు కదా?

"నీకేమన్నా అయినా మగ్గం నేను ఆడిస్తాలేక్కా, నువ్వు దిగులు పడాకు" అంది శిరీన్.

రేపు నా గురించి ఏ కబురు వచ్చినా, సాయంత్రం ఫోన్ చేయడం మాత్రం మానొద్దు మేడం.

ఇట్లు,
శివలీల అమ్మ