ప్లస్సుకు కుంకుమ

ఏమయ్యా, నీ కారు ఈ పొద్దున నా ప్రాణాలు తోడేసింది. నువ్వు పోయాక దాన్ని సరిగ్గా తిప్పిందెప్పుడని! మన బిడ్డ లావణ్యకు నొప్పులు మొదలయ్యాయి. తాండూరు ఆస్పత్రికి పోదామని తాళం తిప్పితే టిక్కుటిక్కుమంది, అంతే. హెడ్‌లైట్లు మినుకుమన్నాయి. బానెట్ ఎత్తితే బ్యాటరీ కొసల మీద చౌడు పేరినట్టు తెల్లటి పొడి. పాత బ్రష్‌తో గీకి, బోల్టులు బిగించాను. అయినా స్టార్ట్ కాలేదు.

పక్కింటి మల్లేశ్ ట్రాక్టర్ తెచ్చి, దాని బ్యాటరీ నుంచి మన బ్యాటరీకి కలిపే వైర్లు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏది ప్లస్సు వదినా? గుర్తులన్ని చెరిగిపోయినయ్. ఉల్టా పెడితే కాలిపోతది!"

కార్లోంచి బిడ్డ కేక: "అమ్మా, జల్ది!"

నేను గీకిన చోట, ఒక కొస పక్కన ఎరుపు కనబడింది. ప్రతి దసరాకూ ప్లస్సుకు కుంకుమ, మైనస్సుకు పసుపు పెట్టేవాడివి. "బ్యాటరీకి ముత్తైదువ సింగారమా?" అని నవ్వేదాన్ని.

"గదే ప్లస్సు మల్లేశ్, పెట్టు" అన్నాను. కారు స్టార్టయింది.

మనవరాలు పుట్టింది. ఇంటికొచ్చాక, చెరిగిన ఆ బొట్టు మళ్ళీ పెట్టాను. నువ్వు పోయాక నేను కుంకుమ ముట్టుకోవడం ఇదే మొదటిసారి.