ల్యాంపు రూము గోడ

బహ్లా, ఒమన్

రఘుపతి బావకు,

నేను బాగానే ఉన్నాను. ఒక అబద్ధం ఆడాను, అక్కకు చెప్పకు.

మా సైటు ఇంజినీరు ఇంగ్లండు ముసలాయన. వాళ్లదీ మనలాగే బొగ్గుబాయి ఊరట. బాయి మూతబడి నలభై ఏళ్లయినా, దాని పెద్ద చక్రాన్ని ఊరి నడుమ నిలబెట్టి, లోపల చనిపోయినవాళ్ల పేర్లు కింద చెక్కించారు. మూడో పేరు వాళ్ల తాతది. చాయ్ తాగుతూ ఫోన్‌లో చూపించాడు. ఆయన జీతం చూసి నేనెన్నడూ కుళ్లుకోలేదు బావా. ఆ పేరు చూసి కడుపు మండింది.

మా ఊళ్లో కూడా అలా పేర్లు ఉన్నాయని, మా బాపు పేరే మొదట ఉంటుందని అనేశాను. ఆయన లేచి హెల్మెట్ తీశాడు. పక్కనున్న మన నర్సయ్య మాత్రం, "మనూర్ల బాయి కాడ సర్కారు తుమ్మలు తప్ప ఏమున్నయిరా?" అని గొణిగాడు. ఇప్పుడు ముసలాయన రోజూ ఫోటో అడుగుతున్నాడు.

నువ్వు దుకాణాల బోర్డులు రాసేవాడివి. బాయి దగ్గర, దిగేముందు బాపు వాళ్లు దీపాలు తీసుకునే ల్యాంపు రూము గోడ ఇంకా నిలబడే ఉంది కదా. తుమ్మలు కొట్టి, దాని మీద బాపు పేరు రాయి. మొదటే రాయి, వాళ్ల తాతది మూడోదే. బాయిలో కప్పు కూలిన రోజు బాపుతో పోయిన నలుగురి పేర్లు అవ్వకు నోటికి వచ్చు, అడిగి అవీ రాయి.

ఫోటో వరకైతే సున్నం చాలు. నువ్వు మాత్రం ఆయిల్ పెయింటుతో రాయి.

నీ బామ్మర్ది