ముత్తుకు పెరటాసి లేదు

హోసూరు, మంగళవారం

నా ముత్తును పస్తు పెట్టినావు అత్తా. పెరటాసి నెలలో నీచు ముట్టని నోములు మనుషులకు. ఆక్సొలాటల్‌కు కాదు. నీళ్ళలో బతికే ఆ బల్లిలాంటి జీవానికి మాంసం తప్ప వేరేది అరగదు. ఫ్యాక్టరీ బస్సులో మీ పక్కింటి ఇంద్రాణి నవ్వుతా చెప్పింది: "మీ ముత్తు కూడా పెరటాసి ఉందంట. సంగటి తింటా ఉందంట. మీ అత్తే వీధంతా చెప్పింది." నాకు నవ్వు రాలేదు.

హాస్టల్లో తొట్టి పెట్టనివ్వరని నీ దగ్గర వదిలినాను. గోడకు కాగితం అంటించి వచ్చినాను కదా: రెండు దినాలకొకసారి వానపాము, కడిగి, ముత్తు తల కన్నా సన్నంగా తరిగి. మధ్యలో షాపులో కొన్న మేత గుళికలు. మిగిలింది తీసెయ్యాలి. మామ పని చేసే రోజాపూల షెడ్డు మట్టిలోవి వద్దు, పురుగుమందు కొట్టి ఉంటారు. సంగటి అని యాడన్నా రాసినానా?

ఫోన్ చేస్తే మాట మారుస్తావు. రాసి ఇంద్రాణి చేతికి ఇయ్యి. శుక్రవారం లోపల.

రంజిత

సూళగిరి, గురువారం

నా కోపిష్టి మేనకోడలు పిల్లకు,

మీ మామ చెవిన పడాలనే సంగటి అని వీధికి చెప్పినాను. తొట్టిలో వెయ్యలేదు. ఈ నెల ఇంట్లో నీచు ముట్టేది లేదని మీ మామ ముడుపు కట్టినాడు. ఆయన ముందర వానపాములు ఎట్లా తరిగేది? ఆయన రోజా షెడ్డు పనికి పోయినాక పేడగుంట తవ్వి పెడతా ఉంటిని.

నాలుగు దినాలుగా ముత్తు ఏం పెట్టినా మొఖం తిప్పుకుంటా ఉంది. కడుపు ఉబ్బింది. నీకు చెప్పే ధైర్యం లేక ఏడ్చినాను. నిన్న గొర్రెల దగ్గరి నుంచి బిరీన ఇంటికొస్తే, మీ మామ తొట్టి దగ్గర చెయ్యి వెనక పెట్టుకొని నిలబడి ఉండాడు.

"చేతిలో ఏముంది?"

"కాఫీ."

లోటా లాక్కుంటిని. అన్నీ వానపాములే!

"షెడ్డులోవా?" అని అరిచినాను.

"మందు కొట్టేది నేనే కదే, నాకు తెలీదా? పేడగుంటలోవి. నువ్వు దాన్ని పస్తు పెడతా ఉండావని వీధంతా అంటా ఉంటే, చూస్తా ఊరుకోమంటావా?"

ఇద్దరమూ పెడతానే ఉండాము రంజితమ్మా. అది బతుకుతుందా? నువ్వే వచ్చి చూడు.

నీ అత్త, పాపక్క

హోసూరు, సోమవారం

రెండింతలు మేపి చంపబోయినారు ఇద్దరూ! నిన్న నేను వచ్చేసరికి ముత్తు రెట్ట వేసి, కడుపు తగ్గి, గాజుకు మూతి ఆనించి ఎదురు చూస్తా ఉంది కాబట్టి బతికిపోయినారు. చిన్న ముక్క లటుక్కున మింగితే మామ చప్పట్లు కొట్టినాడు, నువ్వు కండ్లు తుడుచుకున్నావు. నేను మాత్రం కోపంగానే ఉన్నాను. బస్సెక్కేదాకా "నేను పెడతా", "నేనే పెడతా" అని కొట్లాడితిరి. సిగ్గు లేదా?

ఒక్కరే పెట్టాలి. ఎవరో తేల్చి, ఇద్దరూ సంతకం చేసి పంపండి. బుధవారం సాయంత్రం షిఫ్టు దిగేలోపల నా చేతికి రావాలి.

రంజిత